నా ఈతగాడు ఉన్నచోటు నుంచి కదలట్లేదు. తప్పు కోడ్‌దా, ఫిజిక్స్‌దా?

మొదటిబెంచి · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బ్యాక్టీరియా సైజులో ఉండే ఒక బుల్లి ఈతగాడిని సిమ్యులేషన్‌లో ఈదించాలని కూర్చున్నా. ఆకారం చాలా సింపుల్: రెండు పలకలు, మధ్యలో ఒక కీలు. స్కాలప్ అనే ఆల్చిప్ప సముద్రంలో ఇలాగే ఈదుతుంది కదా, చిప్పను టప్‌మని మూసి నీళ్లు చిమ్మి ముందుకు దూకి, తర్వాత తీరిగ్గా తెరుచుకుంటుంది. నేనూ అదే పెట్టా. మూయడం వేగంగా, తెరవడం దానికి వంద రెట్లు నెమ్మదిగా.

ఒక చుట్టు పూర్తయ్యేసరికి బయల్దేరిన చోటే ఉంటోంది. మూసినప్పుడు ఎంత జరిగిందో తెరిచినప్పుడు సరిగ్గా అంతే వెనక్కి వచ్చేస్తోంది. వేగాల నిష్పత్తి మార్చా, పలకల పొడవు మార్చా, టైమ్ స్టెప్ తగ్గించా. ఊహూ. బగ్ ఎక్కడుందో ఎవరైనా చూసిపెడతారా? జిగట ప్రవాహాల లెక్కకి పనికొచ్చే స్టోక్స్ సమీకరణాలే వాడాను (అంత చిన్న సైజులో జడత్వం అక్కర్లేదని చదివి ఆ పదాలు తీసేశా).

ద్రవగతి · సోమవారం రాత్రి 9:50

బగ్ ఏమీ లేదండీ. కోడ్ సరిగ్గా ఉంది కాబట్టే అది కదలట్లేదు.

మీరు బ్రాకెట్లో పెట్టి వదిలేసిన ముక్కలోనే ఉంది కథంతా. జడత్వాన్ని తీసేశాక ఆ సమీకరణాల్లో కాలం అనేదే మిగలదు. ఈతగాడి ఆకారం ఏ వరసలో మారిందన్నదే లెక్క, ఎంత వేగంగా మారిందన్నది కాదు. మీ ఈతగాడికి ఉన్నది ఒకే కీలు, అంటే ఒకే కోణం. ఆ కోణం తగ్గాలి, మళ్లీ పెరగాలి. వెళ్లిన దారినే వెనక్కి రావడం తప్ప దానికి ఇంకో దారి లేదు. కాబట్టి వెళ్లేటప్పుడు సంపాదించిందంతా వచ్చేటప్పుడు కక్కేస్తుంది.

దీన్ని స్కాలప్ సిద్ధాంతం అంటారు. భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1976లో ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పారు, 1977లో అచ్చయింది. ఆయన 1952లో నోబెల్ అందుకున్నది వేరే పనికి, అణు అయస్కాంత అనునాదానికి. పక్క వీధిలోకి తొంగిచూసి రాసిన ఆ కొద్ది పేజీలు ఈ రంగానికి పునాది అయ్యాయి.

జడత్వాన్ని ఎందుకు తీసేయొచ్చో కూడా ఒకసారి చూద్దాం. రెనాల్డ్స్ సంఖ్య అంటే సాంద్రత, వేగం, పొడవు మూడింటినీ గుణించి స్నిగ్ధతతో (అంటే ద్రవం జిగటతో) భాగించగా వచ్చేది. జిగట బలం ముందు జడత్వం ఎంతో చెప్పే కొలత. కొలనులో ఈదే మనిషికి అది పది లక్షల దగ్గర ఉంటుంది. ఇ. కోలై అనే బ్యాక్టీరియా పొడవు 2 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వేగం సెకనుకి 30 మైక్రాన్లు అనుకుంటే 0.00006 వస్తుంది.

అనుమానపుపక్షి · సోమవారం రాత్రి 10:31

ఇది నాకు మింగుడు పడట్లేదు. వేగంగా మూస్తే నీటి మీద ఎక్కువ బలం పడుతుంది, మెల్లగా తెరిస్తే తక్కువ పడుతుంది. ఎక్కువలోంచి తక్కువ తీసేస్తే ఎంతో కొంత మిగలాలి. సున్నా ఎలా అవుతుంది? నీళ్లు నీళ్లే కదా, బ్యాక్టీరియాకి వేరే నీళ్లు పోశారా?

ద్రవగతి · సోమవారం రాత్రి 11:04

నీళ్లు అవే. కానీ అక్కడ ప్రతిఘటన లెక్క వేరు.

మన సైజులో నీటి ప్రతిఘటన సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది. రెట్టింపు వేగానికి నాలుగు రెట్లు. అందుకే ఒక్కసారిగా మూసి నిదానంగా తెరిస్తే లాభం మిగులుతుంది. సూక్ష్మలోకంలో ప్రతిఘటన వేగానికి నేరుగా అనులోమం. వంద రెట్లు వేగంగా మూస్తే వంద రెట్లు బలం, నిజమే, కానీ అది వందో వంతు సమయమే పనిచేస్తుంది. లెక్క చెల్లుకు చెల్లు.

"దూకి జారిపోవడం" అనేది కూడా అక్కడ లేదు. ఈదుతున్న బ్యాక్టీరియా మోటారు ఉన్నట్టుండి ఆగిపోతే ఎంత దూరం జారుతుందో పర్సెల్ లెక్కగట్టారు. ఆంగ్‌స్ట్రామ్‌లో పదో వంతు. ఒక హైడ్రోజన్ పరమాణువు వెడల్పు కూడా కాదు. ఒక మైక్రాను వ్యాసార్థం ఉన్న గుండుతో మీరే వేసి చూడొచ్చు, ఆగడానికి మైక్రో సెకనులో అయిదో వంతు చాలు. నిన్నటి వేగం సంగతి అటుంచండి, క్షణం కిందటి వేగం కూడా దానికి గుర్తుండదు. ఈ క్షణం ఏ బలం పడుతోందో ఆ క్షణానికి అదే వేగం.

తేనెలో ఈదినట్టు ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. అది కూడా తక్కువ చెప్పడమే. తేనె స్నిగ్ధత నీటికి పది వేల రెట్లు అనుకుని, 1.7 మీటర్ల మనిషికి ఇ. కోలై రెనాల్డ్స్ సంఖ్య రావాలంటే ఎంత వేగంతో కదలాలో లెక్కేశాను. గంటకు సుమారు ఒక మిల్లీమీటరు.

అనుమానపుపక్షి · సోమవారం రాత్రి 11:20

గంటకు మిల్లీమీటరా! సరే, బలం గొడవ తేలింది. కానీ "కాలం లేదు" అనేది కాగితం మీద చెప్పడం తేలిక. కళ్లతో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గాజుపలక · మంగళవారం ఉదయం 6:45

ఉన్నాం 🙂 ద్రవాల శాస్త్రవేత్త జి. ఐ. టేలర్ తన విద్యా చిత్రంలో చూపించిన ప్రయోగం ఇది, ఎవరైనా చేసుకోవచ్చు. నేను పిల్లల కోసం చేసినప్పటి సంగతి చెప్తా.

ఒక వెడల్పాటి గాజు గొట్టం, దాని నడిమధ్యలో నిలబడేలా సన్నటి ఇంకో గొట్టం. రెండింటి మధ్య ఖాళీలో గ్లిసరిన్ పోయాలి. బుడగలన్నీ పైకి పోయేదాకా ఓపిక పట్టాలి, అసలు విసుగు పుట్టేది అక్కడే. తర్వాత కొంచెం గ్లిసరిన్‌లోనే రంగు కలిపి, సన్న సూది సిరంజితో ఖాళీ మధ్యలో ఒక చుక్క వదలాలి. రంగును నీళ్లలో కలిపి వేస్తే చుక్క పైకి తేలిపోయి ప్రయోగం చెడుతుంది, అందుకే చెప్తున్నా.

ఇప్పుడు లోపలి గొట్టాన్ని మెల్లగా నాలుగు చుట్లు తిప్పండి. చుక్క సాగి, పలచనై, చివరికి మసక పట్టీలా చుట్టూ పరుచుకుంటుంది. చూసినవాళ్లెవరైనా కలిసిపోయిందనే అంటారు. సరిగ్గా నాలుగు చుట్లు వెనక్కి తిప్పితే ఆ మసకంతా చేరుకుని, చేరుకుని, మళ్లీ చుక్క అవుతుంది! అంచులు మాత్రం కాస్త మెత్తబడతాయి, అది విసరణ (అణువులు వాటంతటవే చెదిరి పరుచుకోవడం) చేసిన పని.

ఇక్కడ పక్షిగారి ప్రశ్నకి జవాబు ఒకటుంది. ముందుకు ఒక వేగంతో తిప్పాను, వెనక్కి అంతకంటే చాలా నిదానంగా, మధ్యలో ఆగి ఆగి తిప్పాను. చుక్కకి ఆ తేడాయే పట్టలేదు. చుట్లు సరిపోయాయా లేదా అన్నదే చూసింది. అందుకే గొట్టం పైన గీత పెట్టుకోవడం మర్చిపోకండి.

మొదటిబెంచి · మంగళవారం ఉదయం 8:02

ఇది చదివాకే నా గ్రాఫ్ అర్థమైంది. నా ఈతగాడు కూడా ఆ చుక్కే అన్నమాట. అయితే నిజం బ్యాక్టీరియా ఎలా కదులుతోంది మరి? దానికీ ఇవే నియమాలు కదా.

మోటారుమేస్త్రి · మంగళవారం మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, అది తోక ఊపదు. తిప్పుతుంది.

చాలాకాలం కశాభాలు (బ్యాక్టీరియా తోకలు) కొరడాలా ఊగుతాయనే అనుకున్నారు. 1973లో బెర్గ్, ఆండర్సన్ అలా కాదు, వాటి మొదలు దగ్గర ఉన్న మోటారు వాటిని గిరగిరా తిప్పుతోందని వాదించారు. 1974లో సిల్వర్‌మన్, సైమన్ రుజువు చూపించారు. తోకను గాజుకి అంటించేస్తే తిరగాల్సిన తోక తిరగలేదు కాబట్టి ఒళ్లే తిరిగింది.

ఆ మోటారు వెడల్పు 45 నానోమీటర్లు. నడిచేది కణాల్లో మామూలుగా శక్తినిచ్చే ఏటీపీ అణువుతో కాదు, పొర గుండా లోపలికి వచ్చే ప్రోటాన్లతో. కొన్ని విబ్రియో బ్యాక్టీరియాల్లో సోడియం అయాన్లతో. ఇ. కోలైలో నాలుగైదు కశాభాలు కట్టగా చేరి సెకనుకి సుమారు 100 చుట్లు తిరుగుతాయి. బయటి నుంచి మొత్తం టార్క్ (తిప్పే బలం) సున్నా కావాలి కాబట్టి ఒళ్లు వ్యతిరేక దిశలో, అంతకంటే నెమ్మదిగా తిరుగుతుంది. సవ్యదిశకి తిప్పితే కట్ట విడిపోయి కణం చిందులు తొక్కుతుంది, ఓ పదో వంతు సెకను. మళ్లీ అపసవ్యదిశకి మారగానే కట్ట చేరి, ఓ సెకను పాటు తిన్నగా పరుగు.

తిరుగుడుకి వెళ్లి రావడం ఉండదు. ఒకే వైపు పోతూ మొదటి చోటికి వస్తుంది. స్కాలప్ సిద్ధాంతం దాని జోలికి పోలేదు.

గాజుపలక · మంగళవారం మధ్యాహ్నం 1:40

ఆ గాజుకి అంటించినవాటిని మైక్రోస్కోపులో చూస్తే మేస్త్రిగారు చెప్పింది ఇట్టే తెలుస్తుంది. ఒక్కో కణం ఒక చివర పాతుకుపోయి సెకనుకి కొన్ని చుట్లు తిరుగుతుంటుంది. ఉన్నట్టుండి ఆగి అటు తిరిగేది ఇటు తిరుగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు కూడా ఒకే సమయానికి దిశ మార్చవు, దేని లెక్క దానిదే.

అనుమానపుపక్షి · మంగళవారం సాయంత్రం 5:55

తిరిగితే తిరిగింది, ముందుకు తోసేది ఏది? నీళ్లు వెనక్కి విసిరితే కదా మనం ముందుకు పోయేది. మీరేమో జడత్వం లేదంటున్నారు. మరి దేన్ని పట్టుకుని పోతోంది?

ద్రవగతి · మంగళవారం రాత్రి 8:30

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

సన్నటి పొడవైన కడ్డీని జిగట ద్రవంలో నిలువుగా (దాని పొడవు వెంట) లాగడానికి పట్టే బలం కంటే, అడ్డంగా లాగడానికి దాదాపు రెట్టింపు పడుతుంది. పునాది అంతే. ఏటవాలుగా ఉన్న కడ్డీని గ్లిసరిన్‌లో వదిలితే తిన్నగా కిందికి పోదు, పక్కకి జారుతూ దిగుతుంది. ఎందుకంటే దాని కదలికకి సరిగ్గా ఎదురుగా ప్రతిఘటన రాదు, కొంచెం పక్కకి తిరిగి వస్తుంది.

ఇప్పుడు మెలికల కశాభంలో చిన్న ముక్క తీసుకోండి. అది అక్షానికి ఏటవాలుగా ఉంది. తిరిగేటప్పుడు పక్కకి కదులుతోంది. దాని మీద పడే ప్రతిఘటనలో ఒక భాగం అక్షం వెంట మిగిలిపోతుంది. చుట్టూ ఉన్న ముక్కలన్నిటిలోనూ పక్క భాగాలు ఒకదానికొకటి రద్దయిపోయి, అక్షం వెంట ఉన్నవన్నీ కూడుతాయి. తోపు అక్కడి నుంచి వస్తుంది. నిలువుకీ అడ్డానికీ ప్రతిఘటన సమానమై ఉంటే ఎంత తిప్పినా తోపు సున్నాయే.

శుక్రకణం సూత్రం కూడా ఇదే, తిప్పడం బదులు తోక వెంట అల పంపుతుంది. అల తోక చివరికి పోతుంది, కణం తల వైపు పోతుంది. ఆ దృశ్యాన్ని వెనక్కి నడిపిస్తే అల ఎదురు దిశలో వస్తుంది, కాబట్టి వెళ్లిన దారినే తిరిగి రావడం కాదు. టేలర్ 1951లో అలలు పోయే రేకు ఒకటి ఊహించుకుని మొదటి లెక్క చేశారు. గ్రే, హాంకాక్ 1955లో సముద్రపు అర్చిన్ శుక్రకణానికి దాన్ని అన్వయించారు.

ఇందులో దుబారా తక్కువేం కాదు. కట్ట ఒక చుట్టు తిరిగితే ఇ. కోలై ముందుకు పోయేది 0.3 మైక్రాన్లు. మెలిక నిడివి 2 మైక్రాన్లకు పైనే. అంటే మిగతాదంతా జారుడే. మోటారు తిప్పడానికి పెట్టిన శక్తిలో ఈతకి పనికొచ్చేది ఒకటి రెండు శాతం.

కొత్తసభ్యుడు_77 · మంగళవారం రాత్రి 8:41

పారమీషియం కూడా ఇంతేనా? దానికి మోటారు లేదు కదా

గాజుపలక · మంగళవారం రాత్రి 9:25

మోటారు లేదు, శైలికలున్నాయి (ఒంటి మీద సన్నటి వెంట్రుకల్లాంటివి), వేల సంఖ్యలో. పైగా అది చాలా పెద్ద జీవి. 200 మైక్రాన్ల పొడవు, సెకనుకి ఒక మిల్లీమీటరు. రెనాల్డ్స్ సంఖ్య 0.2 దాకా వస్తుంది. ఒక్కో శైలిక పొడవు పది మైక్రాన్లే కాబట్టి శైలిక మటుకు జిగట లోకంలోనే ఉంటుంది.

మామూలు నీటిచుక్కలో చూడాలంటే కుదరదు, కంటికి అందే లోపే పోతుంది. చుక్కలో నీటిని చిక్కబరిచే మిథైల్ సెల్యులోజ్ కాస్త కలపండి. అప్పుడు అది భారంగా, బద్ధకంగా కదులుతుంది. ఫోకస్‌ని ఒంటి అంచు మీద నిలపండి. అంచు వెంట ఒక వణుకు పాకుతూ పోతుంది, అదే శైలికల అల. ఒక శైలిక మీద కన్ను నిలిపితే, తోసేటప్పుడు నిటారుగా చాచి కొడుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు వంగి ఒంటికి ఆనుకుని వస్తుంది. వెళ్లిన ఆకారం వేరు, వచ్చిన ఆకారం వేరు. మొదటిబెంచిగారి పలకలకి లేనిది ఇదే.

ఏదైనా తగిలితే శైలికలన్నీ ఎదురు కొట్టి వెనక్కి పోయి, ఒళ్లు కాస్త తిప్పుకుని మళ్లీ బయల్దేరుతుంది. అప్పుడు లోపలికి వచ్చే కాల్షియమే ఆ ఎదురు దెబ్బకి సైగ.

అనుమానపుపక్షి · బుధవారం ఉదయం 7:30

ఒకటి రెండు శాతం దక్షతతో ఇంత తంటాలు పడి ఈదడం దేనికి? అంత చిన్న ప్రాణికి తిండి విసరణ వల్ల దానంతటదే వస్తుందిగా.

మోటారుమేస్త్రి · బుధవారం ఉదయం 9:10

వస్తుంది. ఈదడం కంటే త్వరగా కూడా వస్తుంది. చక్కెర లాంటి చిన్న అణువు నీటిలో ఒక మైక్రాను దూరం అర మిల్లీ సెకనులో చేరుకుంటుంది. అదే మైక్రాను ఈదడానికి బ్యాక్టీరియాకి 33 మిల్లీ సెకన్లు. కాబట్టి ఒంటి చుట్టూ ఉన్న నీటిని కలిపి తిండి దగ్గరకు లాక్కోవడం శుద్ధ దండగ.

అది ఈదేది తిండి లాక్కోవడానికి కాదు, తిండి ఎక్కువున్న చోటికి పోవడానికి. దూరం పెరిగేకొద్దీ విసరణకి పట్టే సమయం దూరం వర్గంతో పెరుగుతుంది, ఈతకి దూరంతో మాత్రమే పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఈత గెలవాలి. ఇ. కోలై వేగానికి ఆ చోటు కొన్ని పదుల మైక్రాన్ల దగ్గర వస్తుంది. పైన చెప్పిన ఒక సెకను పరుగులో అది పోయేది సుమారు అంతే దూరం! అంతకంటే తక్కువ పరుగు తీస్తే చుట్టూ ఏం మారిందో తెలుసుకోవడానికే ఉండదు.

ఎక్కువ పరుగు తీయకపోవడానికీ కారణం ఉంది. నీటి అణువులు అన్ని వైపులా తోస్తుంటే పది సెకన్లలో అది ఎటు తిరిగి ఉన్నదీ చెదిరిపోతుంది. తిన్నగా పోదామన్నా పోలేదు. అందుకని గడిచిన ఒక సెకనులో రుచి ఎలా ఉందో, దానికి ముందు మూడు సెకన్లలో ఎలా ఉందో పోల్చుకుంటుంది. బాగుపడుతుంటే చిందులు వాయిదా వేసి పరుగు పొడిగిస్తుంది.

ద్రవగతి · బుధవారం ఉదయం 10:05

మేస్త్రిగారి మాటకి చిన్న చేర్పు. గాజు దగ్గరకి వస్తే తిన్నటి పరుగు కూడా ఉండదు. కట్ట ఒక వైపు, ఒళ్లు ఎదురు వైపు తిరుగుతాయి కదా. కింద గోడ ఉంటే కట్టని ఒక పక్కకి, ఒళ్లుని ఇంకో పక్కకి నెడుతుంది. దాంతో ఇ. కోలై గాజు మీద వలయాలు కొడుతుంది, పైనుంచి చూస్తే సవ్యదిశలో. మైక్రోస్కోపు కింద అన్నీ చుట్లు కొడుతూ కనిపిస్తే అది బ్యాక్టీరియా స్వభావం అనుకోకండి, గాజు చేసిన పని.

అనుమానపుపక్షి · బుధవారం మధ్యాహ్నం 12:48

ఆఖరి అనుమానం. మీరు చెప్పినవన్నీ నీళ్ల లెక్కలు. ఒంట్లో ఉండేది శ్లేష్మం, జిగురు. అక్కడ కూడా ఆల్చిప్ప ఇలాగే ఉండిపోతుందా?

ద్రవగతి · బుధవారం రాత్రి 9:00

ఉండిపోదు. అక్కడ సిద్ధాంతం చెల్లదు.

స్కాలప్ సిద్ధాంతానికి షరతులున్నాయి: నీటిలాంటి సాదా ద్రవం ఉండాలి, ఈతగాడు ఒంటరిగా ఉండాలి, జడత్వం ఉండకూడదు. శ్లేష్మంలో పొడవాటి అణువులు చిక్కుపడి ఉంటాయి కాబట్టి దానికి సాగే గుణం ఉంటుంది, ఎంత వేగంగా కదిపామన్నదాన్ని బట్టి దాని జిగట కూడా మారుతుంది. అంటే వేగానికి మళ్లీ విలువ వచ్చినట్టే. 2014లో క్యూ, ఫిషర్ బృందం వందల మైక్రాన్ల కొలతల్లో నిజంగానే ఒక ఆల్చిప్ప చేసి, హయలురోనిక్ ఆమ్లం ఉన్న ద్రవంలో అయస్కాంతంతో మూస్తూ తెరుస్తూ ఈదించింది. మొదటిబెంచిగారు మొదట రాసుకున్న ఆలోచనే, ద్రవం మారింది.

పక్కన ఇంకో ఆల్చిప్ప ఉన్నా పరిస్థితి మారొచ్చు. విడివిడిగా కదలలేనివి రెండు, ఊపులు సరిగ్గా కుదిరితే ఒకదాని ప్రవాహంతో ఒకటి కదులుతాయి.

గాజుపలక · బుధవారం రాత్రి 9:33

జీవుల్లో శ్లేష్మానికి ఎవరి ఉపాయం వాళ్లది. లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియాకి కశాభాలు బయట ఉండవు, పొరల మధ్య దాక్కుని ఒంటినే మెలితిప్పుతాయి. జెల్ లాంటి చిక్కటి మాధ్యమంలో అది ఇంకా హుషారుగా పోతుంది. పొట్టలో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఇంకా గడుసుది. పొట్టలోని శ్లేష్మం ఆమ్లంలో గడ్డకట్టి ఉంటే దాన్ని చీల్చుకుని పోదు. యూరియేజ్ ఎంజైముతో అమ్మోనియా పుట్టించి తన చుట్టూ ఆమ్లం తగ్గిస్తుంది. జెల్ కరిగి ద్రవమవుతుంది, అందులో ఈదుతుంది.

మొదటిబెంచి · గురువారం రాత్రి 10:20

పలకలు పక్కన పెట్టేసి, అదే కోడ్‌లో నజాఫీ, గొలెస్తానియన్ 2004లో ప్రతిపాదించిన మూడు గుండ్ల ఈతగాడిని పెట్టా. వరసగా మూడు గుండ్లు, మధ్య రెండు చేతులు. ఎడమ చెయ్యి ముడవాలి, కుడి చెయ్యి ముడవాలి, ఎడమది చాచాలి, కుడిది చాచాలి. కదిలింది!! చాలా కొంచెం, కానీ ప్రతి చుట్టుకీ ఒకే వైపు. వరస తిప్పేస్తే అంతే దూరం అటు వైపు పోతోంది. వేగాలు ఎంత మార్చినా చుట్టుకి పోయే దూరం మారట్లేదు, ఈసారి అది చూసి భయపడలేదు.

ఒక్క చిక్కు. దూరం పెంచుదామని చేతులు బాగా పొట్టిగా చేస్తే అంకెలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి.

ద్రవగతి · గురువారం రాత్రి 10:52

గుండ్ల మధ్య ప్రభావానికి ఓసీన్ సూత్రం వాడుతున్నారు కదా? అది గుండ్లు దూరంగా ఉన్నప్పుడే పనికొస్తుంది. దాదాపు తాకేంత దగ్గరికి తెస్తే మధ్య సన్నటి పొరలోని ఒత్తిడి దానికి తెలియదు. చేతి పొడవు గుండు వ్యాసార్థానికి పది రెట్లు పెట్టి మొదలుపెట్టండి, ముడిచినప్పుడు కూడా అయిదు రెట్లకి దిగనివ్వకండి. దూరం పెరగాలంటే చేతులు పొట్టి చేయడం కాదు, ముడిచే మేర పెంచండి. కోణాల బదులు రెండు చేతుల పొడవుల్ని రెండు అక్షాలుగా పెట్టి గ్రాఫ్ గీస్తే ఒక చతురస్రం వస్తుంది. చిన్న ఊపులకి, చుట్టుకి పోయే దూరం ఆ చతురస్రం వైశాల్యంతో పెరుగుతుంది. మీ పాత పలకలకి ఆ గ్రాఫ్ ఒట్టి గీత.

అనుమానపుపక్షి · గురువారం రాత్రి 11:15

కోడ్ ఇక్కడ పెట్టండి, నేనూ నడిపి చూస్తా. రెండు చేతులూ ఒకేసారి ముడిస్తే ఏమవుతుందో చూడాలి.

మొదటిబెంచి · గురువారం రాత్రి 11:19

అది చూశానండీ. కదలదు 😄 కోడ్ రేపు పెడతా, కామెంట్లు తెలుగులో రాసి.